కాలిచ్చిన గుర్రం

సెలవులకు స్పెయిన్ వెళ్లి గుర్రాల పట్నాలు చూసొచ్చాక, బాలానగర్ నుంచి గోల్కొండ మీదుగా ఓరుగల్లు దాకా మన గుర్రం జాడ వెతికిన కథ

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. బాలానగర్‌లో ఫ్లైఓవర్ కింద బరాత్ ఆగిపోయింది. ముందు బ్యాండు మేళం, రెండు వైపులా నెత్తిన లైట్లు మోస్తున్న ఆడవాళ్లు, వెనక జనరేటర్ బండి, నడుమ తెల్ల గుర్రం మీద పెళ్లికొడుకు. గుర్రం కుడి ముంగాలి లాడం ఒక పక్క మేకులు వదిలేసింది. అడుగేసినప్పుడల్లా రోడ్డు మీద టక్కుటక్కుమంటూ వేలాడుతోంది. "ఫంక్షన్ హాల్ ఇక్కడే కదా, అట్లనే నడిపియ్యి" అని పెళ్లివారిలో ఎవరో అరిచారు. గుర్రం వెంట వచ్చిన ముసలాయన తల అడ్డంగా ఊపాడు. పెళ్లికొడుకుని దించేదాకా కళ్లెం వదల్లేదు.

దించాక గుర్రం మెడ మీద రెండుసార్లు తట్టాడు. దాని భుజానికి తన భుజం ఆనించి, వెనక్కి తిరిగి వంగాడు. అరచేతిని భుజం దగ్గర నుంచి మోకాలి మీదుగా కిందికి జార్చి, గిట్టకు కాస్త పైన రెండు వేళ్లతో నొక్కి, "దే బేటీ" అన్నాడు. బ్యాండు, హారన్లు, వెనక ఆగిన లారీ, ఇంత గోలలోనూ ఆ గుర్రం నిమ్మళంగా కాలెత్తి ఆయన చేతిలో పెట్టింది.

బాలానగర్ ఇనుముతో బతికే పేట. లేతు మిషన్లు, డై కటింగు, వెల్డింగు షాపులు గల్లీ గల్లీకీ ఉంటాయి. ఒక షాపతను సగం దించిన షట్టరు మళ్లీ ఎత్తి పట్టకారు, సుత్తి, ఆకురాయి తెచ్చిచ్చాడు. ముసలి చాచా వంగిన మేకులు రెండు పీకి, లాల్చీ జేబులోంచి కొత్తవి తీశాడు. లాడం మేకు మామూలు మేకులా ఉండదు. తల చదరంగా, ఒళ్లు పలకగా, మొన ఒక వైపు వాలి ఉంటుంది. ఆ వాలు వల్లే కొట్టేకొద్దీ మేకు గిట్టలోంచి బయటికి తిరిగొస్తుంది. లోపలికి పోతే నెత్తురు. నాలుగు మేకులు కొట్టి, పొడుచుకొచ్చిన మొనలు తుంచి, మిగిలిన కొసలు మడిచి, ఆకురాయితో రుద్దాడు. పది నిమిషాల పని. సుత్తి తిరిగిస్తుంటే లేతు షాపతను ఆ గిట్టను వంగి వంగి చూశాడు. రోజంతా ఇనుము కోసేవాడికి మాత్రమే తెలిసే మెచ్చుకోలు అది.

నేను స్పెయిన్ నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలైంది. అక్కడ హెరెస్ పట్నంలో ఒక పొద్దున గుర్రపుశాల వెనక వాకిట్లో అచ్చం ఇదే చూశాను. అదే వంగడం, అదే రెండు వేళ్లు. మాట మాత్రం స్పానిష్.

గుర్రానికి దారిచ్చే ఊళ్లు

మా ఆఫీసు హైటెక్ సిటీలో. అక్కడ స్పెయిన్ అంటే బార్సిలోనా, ఫుట్‌బాల్ మైదానం, సముద్రపొడ్డు. మేం దక్షిణాన ఆందలూసియా ఎంచుకున్నాం. చిన్నప్పుడు మా తాతయ్య జట్కా బండిలో బడికి దింపేవాడు. గుర్రం వాసన అంటే నాకు అప్పటి నుంచీ ప్రాణం.

1992 నుంచి నడుస్తున్న వేగపు రైలు మాద్రిద్ నుంచి రెండు గంటల లోపే కోర్దొబాలో దించింది. ఆ ఊళ్లో అందరూ ముందు చూసేది మెస్కీతా. ఎనిమిదో శతాబ్దం చివర మసీదుగా మొదలై, తరువాత కెథడ్రల్ అయిన కట్టడం. ఎనిమిది వందలకు పైగా స్తంభాలు, వాటి మీద ఎరుపూ తెలుపూ చారల కమానులు. దాని గురించి ఎంతైనా రాయొచ్చు, రాసినవాళ్లూ ఉన్నారు. నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడికి కొద్ది నడక దూరంలో ఉన్న రాజుగారి గుర్రపుశాలలో. రెండో ఫిలిప్ రాజు 1570లో కట్టించాడు. మేలైన ఆడగుర్రాలనూ పోతులనూ ఒకచోట చేర్చి స్పెయిన్‌కంటూ ఒక శుద్ధమైన జాతిని తయారు చేయాలన్నది ఆయన పట్టుదల. 1734లో అగ్నిప్రమాదంలో కాలితే మళ్లీ కట్టారు. రాతి స్తంభాల మీద నిలిచిన కప్పు, కింద ఎండుగడ్డి, తోలు, చెమట కలిసిన వాసన. ఇప్పటికీ అందులో గుర్రాలున్నాయి. సాయంత్రం పూట ప్రదర్శన ఇస్తాయి. నాలుగున్నర శతాబ్దాల కిందటి భవనం ఇంకా తాను పుట్టిన పనే చేస్తోంది.

హెరెస్‌లో రాజాశ్రయం ఉన్న ఆందలూసియా అశ్వకళా పాఠశాల ఉంది. ఆల్వరో దొమెక్ అనే రౌతు 1973లో మొదలుపెట్టాడు. 'ఆందలూసియా గుర్రాలు ఎలా నాట్యం చేస్తాయో చూడండి' అన్న అర్థం వచ్చే పేరుతో వాళ్ల ప్రదర్శన జరుగుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు దుస్తుల్లో రౌతులు, జడలల్లిన జూలుతో గుర్రాలు. గుర్రం ఉన్నచోటే నిలబడి లయ తప్పకుండా కాళ్లు ఎత్తెత్తి వేస్తుంది. ఇంకో గుర్రం నాలుగు కాళ్లతో గాల్లోకి లేచి, అక్కడే వెనక కాళ్లు బారగా విదిలించి, మెత్తగా దిగుతుంది. కళ్లెం లాగినట్టే కనపడదు. మన సామెత 'రౌతు కొద్దీ గుర్రం' అక్కడ కళ్లారా చూశాను.

అయినా ప్రదర్శన కంటే నా మనసు పట్టుకున్నది దాని వెనక ఉన్న తోలుపని గది. జీనులు, కళ్లేలు, బండి గుర్రాల సరంజామా అన్నీ చేత్తో కుట్టే చోటు. రెండు సూదులు ఎదురెదురుగా ఒకే రంధ్రంలోంచి దూరుతుంటాయి. ఒక కుట్టు తెగినా రెండోది నిలుస్తుందట. ఈ పాఠశాలలో స్వారీ ఒక్కటే నేర్పరు. గుర్రాన్ని సాకడం, బండి తోలడం, తోలు సామాను కుట్టడం కూడా చదువే. పరీక్ష ఉంటుంది, పట్టా ఉంటుంది, దాని మీద బతుకు ఉంటుంది.

సెవిల్లేలో ఏప్రిల్ జాతర మాకు అందలేదు. 1847లో అది పశువుల సంతగా మొదలైందని తెలిసి ఆశ్చర్యపోయాను. ఇవాళ అదే సంతలో ఊరు ఊరంతా ముస్తాబై గుర్రాల మీద, గుర్రపు బండ్ల మీద తిరుగుతుంది. రోందాలో లోయ మీద 1793లో పూర్తయిన వంతెన చూసి ముందుకు కదిలాం. ఎల్ రొసీయో అనే పల్లె దగ్గర మాత్రం కదల్లేకపోయాం. ఆ ఊళ్లో వీధులకు తారు వేయలేదు. ఇసుక. గుర్రం గిట్టకు హాయి అని. ప్రతి ఇంటి ముందూ గుర్రాన్ని కట్టేయడానికి అడ్డంగా ఒక దూలం. మద్యం అమ్మే దుకాణం బయట గుర్రం దిగకుండానే గ్లాసు పెట్టుకునేంత ఎత్తున బల్లలు. ఏటా జూన్ 26న పక్కనున్న దొన్యానా చిత్తడి నేలల్లో విచ్చలవిడిగా మేసే ఆడగుర్రాలను, పిల్లలతో సహా, ఈ ఊరి మీదుగానే ఆల్మొంతెకు తోలుకెళ్తారు. 1504 నాటి పత్రాల్లోనే ఆ పని ప్రస్తావన ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మేం దిగిన బస యజమానురాలు మాది తెలుగునేల అనగానే "అనంతపూర్!" అంది. 1969లో అనంతపురం వచ్చి, 2009లో పోయేదాకా ఆ కరవునేలకు అంటుకుపోయిన విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినవాడు. ఆయన పని వల్ల మన అనంతపురం పేరు స్పెయిన్‌లో ఎన్నో ఇళ్లలో తెలుసు. ఆమెకు చార్మినార్ తెలియదు.

ఒకే తీగకు రెండు కొసలు

గుర్రపు స్వారీ చేసేవాణ్ని స్పానిష్‌లో 'హినేతె' అంటారు. ఉత్తర ఆఫ్రికాలోని జెనాతా అనే బెర్బరు తెగ పేరు నుంచి పుట్టిన మాట. జలసంధి దాటి వచ్చిన ఆ తెగ రౌతుల వెంట వచ్చి స్పెయిన్‌లో స్థిరపడింది. వెనకటి రోజుల్లో గుర్రపు వైద్యుడిని 'అల్బేయితర్' అనేవారు. అది అరబీలోని 'బైతార్'.

ఇటు మన మాటలు చూడండి. గుర్రం, కళ్లెం, గిట్ట ఇంట్లో మాటలు. జీను పారసీకం. రికాబు అరబీ. లగాము పారసీకం. గుర్రాన్ని సాకే సాయీసు అరబీ. ఆశ్వికదళానికి రిసాల అన్నదీ అరబీయే. అరబ్బు దేశాల గుర్రం పడమరకు పోయి ఆందలూసియాకు చేరింది, ఓడలెక్కి తూర్పుకు వచ్చి దక్కనుకు చేరింది. రెండు చోట్లకీ తన వెంట తన మాటలనూ మోసుకొచ్చింది. స్పెయిన్ అశ్వవైద్యుడి పేరు అరబీ నుంచి తీసుకుంది. మనకు ఆ పేరు అంతకు ముందే ఉంది. అశ్వశాస్త్రం చెప్పిన శాలిహోత్రుడి పేరు మీద ఉత్తరాదిన గుర్రపు వైద్యుడిని 'సలోత్రి' అన్నారు. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసం' అని గుర్రాల లక్షణాల మీద ఏకంగా కావ్యమే రాశాడు. గుర్రం ఒంటి మీద సుడి ఎక్కడుంటే మంచిది, ఎక్కడుంటే చేటు అని కొనేవాళ్లు ఇవాళ్టికీ చూస్తారు.

బస్సు బోర్డు మీది రిసాల

వచ్చాక ఆదివారాల పూట సొంత ఊళ్లో తిరగడం మొదలుపెట్టాను. మొదటి రోజే తెలిసింది, ఈ నగరం పేర్ల నిండా గుర్రాలే.

బొల్లారంలో రిసాల బజార్. ముషీరాబాద్ వైపు రిసాలగడ్డ. మాసబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్. లాన్సర్ అంటే ఈటె పట్టిన రౌతు. ధూల్‌పేటలో ఘోడే కీ ఖబర్, అంటే గుర్రం సమాధి. నేను రోజూ బోయిన్‌పల్లి దాటి వెళ్లే బేగంపేట పైగా ప్రభువుల ఇలాకా. నిజాం సొంత రక్షణకు ఉండే ఆశ్వికదళాన్ని పోషించడమే పైగా కుటుంబాల బాధ్యత. ఆ బలగం పేరే వాళ్ల ఇంటిపేరైంది.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఏసీ గార్డ్స్. చాలామంది ఆ పేరులో ఏసీ ఏమిటని కూడా అడగరు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. పందొమ్మిదో శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు దగ్గర సిద్దీల ఆశ్వికదళం ఉండేది. ఆఫ్రికా మూలాలున్న ఆ రౌతులు తరువాత నిజాం కొలువుకు మారారు. వాళ్లకిచ్చిన బస్తీయే ఇవాళ్టి ఏసీ గార్డ్స్. 1948లో సంస్థానం భారతదేశంలో కలిశాక ఆ దళాలు రద్దయ్యాయి. గుర్రాలు పోయాయి, మనుషులు ఉండిపోయారు. మన పెళ్లిళ్లలో మోగే మర్ఫా దరువును ఈ నగరంలో బతికించిన వాళ్లలో ఆ బస్తీ సిద్దీలు ముందుంటారు. అంటే ఒకప్పుడు గుర్రం ఎక్కినవాళ్ల మనవళ్లు ఇవాళ పెళ్లికొడుకు గుర్రం ముందు దరువేస్తున్నారు. ఈ సంగతి తెలిశాక నాకు ఏ బరాత్ చూసినా చూపు ముందు దరువేసేవాళ్ల మీదికే పోతుంది.

హైదరాబాద్ లాన్సర్లను తలుచుకోవాలంటే ఢిల్లీ వెళ్లాలి. తీన్‌మూర్తి కూడలిలో 1922లో నిలిపిన మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ దళానిది. మిగతా రెండు జోధ్‌పుర్, మైసూరు దళాలవి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ మూడూ ఒకే బ్రిగేడ్‌గా పాలస్తీనాలో పోరాడాయి. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్నం మీదికి ఈటెలతో దౌడు తీసినవి జోధ్‌పుర్, మైసూరు దళాలు. హైదరాబాద్ వాళ్లు అదే బ్రిగేడ్‌లో తమ పని తాము చేశారు. తీన్‌మూర్తి అన్న పేరు మనందరం వినే ఉంటాం. అందులో ఒక మూర్తి మనవాడిదని బడిలో మాకెవరూ చెప్పలేదు.

పందేల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మలక్‌పేటకు మార్పించాడు. ఇప్పటికీ వానాకాలం, చలికాలం పందేలు అక్కడే. ఆ గుర్రాల అందం ఒప్పుకుంటాను. కాని అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కళ్లు గుర్రం మీద కంటే చేతిలోని కాగితం మీదే ఉంటాయి. నాకు కావలసిన గుర్రం అది కాదనిపించి తిరిగొచ్చాను.

జీను లేని గుర్రం

గోల్కొండకు మనం చప్పట్ల ప్రతిధ్వని కోసం వెళ్తాం. ఈసారి నేను ఫతే దర్వాజా దగ్గర ఆటో దిగి, అక్కడి నుంచి నడిచాను. ఎనిమిది దర్వాజాలు, ఎనభై ఏడు బురుజుల కోట. కార్లు, ఆటోలు, పాల బండ్లు ఇప్పటికీ ఆ దర్వాజాలోంచే ఒంపు తిరిగి లోపలికి పోతాయి. తలుపుల మీద ఏనుగులు ఢీకొట్టకుండా బిగించిన ఇనుప మేకులను చేత్తో తడిమి చూశాను.

1687 సెప్టెంబరులో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఒక రాత్రి లోపలివాళ్లే తలుపు తీశారు. ఔరంగజేబు సైన్యం కోటలోకి వచ్చేసింది. ఆ కేకలు విని అబ్దుర్ రజాక్ లారీ అనే సర్దారు గుర్రం మీదికి దూకాడు. జీను వేసే వ్యవధి లేదు. ఒక చేత కత్తి, ఒక చేత డాలు, వెంట పది పన్నెండుమంది. లోపలికి వస్తున్న సైన్యానికి ఎదురెళ్లాడు. చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాసిన ప్రకారం ఆయన ఒంటి మీద డెబ్బై గాయాలు. నుదుటి చర్మం తెగి కళ్ల మీదికి వేలాడింది. దారి కనపడటం లేదు. గుర్రానికీ గాయాలే, తూలుతోంది. అప్పుడాయన పగ్గాలు గుర్రానికే వదిలేశాడు. అది ఆయన్ని ఆ గుంపులోంచి మోసుకుంటూ నగీనా బాగ్‌లో ఒక పాత కొబ్బరిచెట్టు దాకా తెచ్చింది. చెట్టు ఆసరాగా ఆయన నేలకు ఒరిగాడు. మర్నాడు ఎవరో గుర్తుపట్టి మోసుకెళ్లారు. ఆ విశ్వాసానికి శత్రువైన ఔరంగజేబే ముచ్చటపడి వైద్యులను పెట్టించాడు. బతికాడు.

నగీనా బాగ్ ఇప్పటికీ కోట లోపలే ఉంది. ఒక ఆదివారం సాయంత్రం అక్కడ చాలాసేపు కూర్చున్నాను. లారీ పేరు చరిత్రలో నిలిచింది, నిలవాలి కూడా. ఆ గుర్రం పేరు ఎవరూ రాయలేదు. కళ్లు కనపడని మనిషిని, జీను లేకుండా, జారి పడనివ్వకుండా తెచ్చిన జంతువు అది. దానికి రోజూ ఉలవ గుగ్గిళ్లు పెట్టి, కాళ్లు తోమి, పగ్గం వదిలితే ఎటు పోవాలో నేర్పిన సాయీసు ఒకడు ఉండే ఉంటాడు. అతను ఏమయ్యాడో!

తోక తెస్తే చాలు

ఓరుగల్లుకు పొద్దున్నే బయల్దేరాను. కాకతీయులంటే మనకు చెరువులు, తోరణాలు, వేయిస్తంభాల గుడి గుర్తొస్తాయి. వాళ్ల శాసనాల్లో గుర్రం అడుగడుగునా ఉంది. 'సాహిణి' అన్న బిరుదు గుర్రాల అధికారిది. గణపతిదేవుడి కొలువులో గంగయ సాహిణి అలా పేరుపడ్డవాడే. ఆశ్వికుడికి 'రౌతు' అన్న మాట రాజపుత్ర శబ్దం అరిగి అరిగి మిగిలింది.

సముద్రం దాటి వచ్చే గుర్రానికి తెలుగుతీరంలో రేవు మోటుపల్లి. ఇప్పటి బాపట్ల జిల్లా. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం నాకు తెలిసిన శాసనాల్లోకెల్లా మానవత్వం ఉన్నది. ఓడ గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు లాక్కునేవారు. ఇకమీదట సుంకం తప్ప ఏదీ ముట్టబోమని ఆయన మాటిచ్చాడు. ప్రాణాల కంటే ధనం మీద మమకారంతో సముద్రంలోకి దిగేవాళ్ల మీద దయతో ఇస్తున్నానని చెప్పుకున్నాడు.

ఆయన కూతురు రుద్రమ. వరంగల్ దగ్గర బొల్లికుంటలో దొరికిన ఒక శిల్పంలో గుర్రం మీదున్నది ఆమేనని పురావస్తు పరిశోధకుల అభిప్రాయం. ఎడమ చేత పగ్గం పట్టిన తీరు చూస్తే, చెక్కిన శిల్పికి స్వారీ ఎరుకేనని అనిపిస్తుంది. ఆమె మనవడు ప్రతాపరుద్రుడు 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్‌తో సంధి చేసుకున్నప్పుడు వంద ఏనుగులతో పాటు ఏడు వేల గుర్రాలు అప్పగించాడని చరిత్రకారుడు బరనీ రాశాడు. ఓరుగల్లు మట్టికోట చుట్టూ నడుస్తున్నప్పుడు ఆ లెక్కే మనసులో తిరిగింది. ఒక్కో గుర్రానికి ఒక్క సాయీసు అనుకున్నా ఏడు వేల మంది చేతులు ఖాళీ అయిపోయిన రోజు అది.

మార్కోపోలో తమిళతీరం గురించి రాస్తూ ఒక మాట అంటాడు. అక్కడి రాజులు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటారట. ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవట. కారణం, సాకడం తెలిసినవాళ్లు లేకపోవడం. గుర్రాలమ్మే వర్తకులు లాడాలు కొట్టేవాళ్లను అటు రానివ్వరట. గుర్రాలు చస్తూ ఉంటేనే కదా అమ్మకం సాగేది! వర్తకుల నోట విన్న మాట కాబట్టి కొంత తగ్గించి నమ్మాలి. శాలిహోత్రుడి శాస్త్రం ఉన్న దేశంలో ఎవరికీ తెలియదంటే నేను ఒప్పుకోను. కాని అందులోని భయం నిజమనిపిస్తుంది. డబ్బుంటే గుర్రం దొరుకుతుంది. గిట్ట పట్టే చేయి డబ్బుకు రాదు, తరం నుంచి తరానికి రావాలి.

విజయనగరం రాజులూ గుర్రాల కోసం ఎంతకైనా తెగించారు. సాళువ నరసింహరాయలు వెయ్యి పర్దావు నాణేలకు మూడు గుర్రాల చొప్పున, బతికున్నా చచ్చినా కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. నడిసంద్రంలో చచ్చినవాటి తోక తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి ధర ఇచ్చేవాడట. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా ఆయనే చెప్పాడు. దూరదేశాల నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులను ఆదరించి దగ్గర పెట్టుకోవాలని, లేకపోతే అవి శత్రువుల పాలవుతాయని కృష్ణదేవరాయలే 'ఆముక్తమాల్యద'లో రాజనీతిగా చెప్పాడు.

ఇవాళ ఆ గుర్రాలేవీ లేవు. భీమానది లోయలో ధన్‌గర్ గొర్రెలకాపరులు మూటాముల్లె మోయించే భీమ్‌థడి అనే దక్కను గుర్రం మాత్రం మిగిలింది. ఈమధ్యే ప్రత్యేక జాతిగా నమోదైంది. పాత హైదరాబాద్ రాజ్యంలో భాగమైన నాందేడ్ జిల్లాలో, మాళేగావ్ ఖండోబా జాతరలో గుర్రాల సంత ఇప్పటికీ జరుగుతుంది. సెవిల్లే జాతర మనకు అందలేదన్న బాధ ఉన్నవాళ్లు చలికాలంలో అటు వెళ్లిరండి.

పురానాపూల్ దగ్గర

మన దగ్గర గుర్రం ఎక్కడం నేర్చుకోవాలంటే దారులున్నాయి. శివరాంపల్లి జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్‌కు వచ్చిన ప్రతి ఒక్కరూ స్వారీ నేర్వాల్సిందే. గణేశ్ నిమజ్జనం రోజు జనసముద్రంలో పోలీసు గుర్రాలు ఎంత ఓర్పుగా నిలబడతాయో చూసే ఉంటారు. గండిపేట దాటి అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు వెళ్తే డబ్బు కట్టి నేర్చుకునే చోట్లున్నాయి. మా ఆఫీసు పిల్లలు కొందరు శని, ఆదివారాలు వెళ్తున్నారు. మంచిదే. అయితే వాళ్లు వెళ్లేసరికి గుర్రం తోమి, జీను బిగించి సిద్ధంగా ఉంటుంది. గంట అయ్యాక పగ్గం ఎవరికో అందించి కారెక్కుతారు. ఆ ఎవరో ఒకరికి హెరెస్‌లోలాగా చదువు, పట్టా ఇచ్చే బడి మాత్రం నేను ఎంత వెతికినా ఈ ఊళ్లో కనపడలేదు. నాకు దీనిమీద నిజంగా బాధ ఉంది. ఇనుముకు పనిముట్టు రూపం ఇవ్వడం నేర్పే కేంద్ర ప్రభుత్వ టూల్ రూమ్ మా బాలానగర్‌లో దశాబ్దాలుగా నడుస్తోంది. చేతిపనికి చదువు హోదా ఇవ్వడం మనకు తెలియని విద్య కాదు.

బరాత్ రాత్రి చాచా ఫోన్ నంబరు తీసుకున్నాను. పోయిన ఆదివారం పురానాపూల్ వైపు వెళ్లాను. 1578 నాటి వంతెన. మూసీ వరదలో గుర్రాన్ని ఈదిస్తూ ప్రియురాలు భాగమతి కోసం వెళ్లిన యువరాజు మహమ్మద్ కులీ కోసం తండ్రి కట్టించాడని కథ. అప్పటికి అతనికి పదమూడేళ్లు మించవు కాబట్టి కథ చరిత్రకు నిలవదు. ఆ గుర్రాన్ని మాత్రం జనం ఇన్నేళ్లుగా వదల్లేదు.

ధూల్‌పేట గల్లీలో రేకుల తబేలా. నాలుగు గుర్రాలు. గోడకు చెమ్కీ జీనులు, పూసల కళ్లేలు. మూలన నానబెట్టిన ఉలవల బకెట్టు. చాచా గిట్టలో ఇరుక్కున్న రాళ్లు తీస్తున్నాడు.

"నేను పట్టుకోవచ్చా చాచా?" అని అడిగాను.

"తన్నదు. గానీ ఎనక నిలబడకు. పక్కకు రా. ముందు నీ చెయ్యి వాసన చూడనీ" అన్నాడు.

చూసింది. వెచ్చటి ఊపిరి అరచేతి మీద. చెప్పినట్టే భుజానికి భుజం ఆనించి, తోక వైపు తిరిగి వంగాను. చేతిని భుజం మీది నుంచి మోకాలి మీదుగా జార్చి నొక్కాను. గుర్రం కదల్లేదు. మళ్లీ నొక్కాను. లేదు. చాచా నా వేళ్లను అర అంగుళం కిందికి జరిపాడు, గిట్ట పైన మెత్తగా పల్లంగా ఉండే చోటికి.

"జోర్ పెట్టకు. అడుగు."

"దే బేటీ" అన్నాను.

ఒళ్లు బరువంతా అవతలి కాలి మీదికి మార్చుకుని, గుర్రం కాలెత్తి నా చేతిలో పెట్టింది. గిట్ట గోరువెచ్చగా ఉంది. బాలానగర్‌లో కొట్టిన నాలుగు మేకులూ చెక్కుచెదరలేదు.